అమ్మలూ, ఆ యాక్సిల్ గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నీ 1966 ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు వెనక వెయ్యడానికి యాక్సిల్ మంచిదే దొరికింది. 1995 తర్వాతి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ది కాబట్టి వెనక డిస్కు బ్రేకులతో సహా వచ్చింది. షాఫ్టులకు 31 పళ్ళు. చక్రం బోల్టులు అయిదు, అవి ఉన్న వృత్తం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల) మస్టాంగ్‌కు ఉన్నదే. వెనక మూత బోల్టుకు వేలాడుతున్న చిన్న రేకుముక్క మీద తుప్పు గీకి చదువు. 3కీ 73కీ మధ్య ఎల్ అక్షరం ఉంటే లోపల లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే ఏర్పాటు, ఉన్నట్టు లెక్క. అయితే ఆ రేకును నమ్మి ఊరుకోకు. ఎవరైనా లోపలి పళ్ళచక్రాలు, అంటే పెద్ద క్రౌన్, చిన్న పినియన్ మార్చి పాత రేకే మళ్ళీ తగిలించి ఉండొచ్చు. ఎలాగూ మూత తీస్తావు, పళ్ళు లెక్కపెట్టు. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 ఉంటే రేషియో 3.73.

పాత యాక్సిల్ తీసెయ్యాలన్న నీ నిర్ణయం సరైనదే. 1966లో ఆ కారుతో వచ్చిన ఆరు సిలిండర్ల ఇంజను 120 హార్స్‌పవర్‌ది. దానికి తగ్గట్టు 7.25 అంగుళాల క్రౌన్ వీల్ పెట్టారు. వీ8 కార్లకు అప్పుడే 8 అంగుళాలది ఇచ్చేవారు. నువ్వు 302 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను ఎక్కించాక ఆ చిన్నదాన్ని అలాగే ఉంచితే ఎంతో కాలం మన్నదు. ఇప్పుడు తెచ్చింది 8.8 అంగుళాలది. బలం సంగతి ఇక మర్చిపోవచ్చు.

కానీ నీ ఉత్తరమంతా వెతికినా ముందు చక్రాల ఊసు లేదు. నా బెంగంతా అక్కడే.

ముందు చక్రాలకు ఇంకా ఆ తొమ్మిది అంగుళాల డ్రమ్ము బ్రేకులే ఉన్నాయి కదా. బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక టైర్ల మీద భారం తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే వెనక డిస్కులు గట్టిగా పట్టుకున్నాయనుకో, ముందు చక్రాలకన్నా ముందే వెనకవి బిగుసుకుపోతాయి. బిగుసుకున్న టైరుకు పక్కకు జారకుండా ఆపే పట్టు ఉండదు. ముందు చక్రాలు బిగిస్తే స్టీరింగ్ పనిచేయదు గానీ కారు తిన్నగానైనా పోతుంది. వెనకవి బిగిస్తే తోక తిరిగి ముందుకొస్తుంది, అప్పుడు నీ చేతిలో ఇంకేమీ ఉండదు. అందుకే వెనక డిస్కులు పెట్టి ముందు డ్రమ్ములు ఉంచడం నేను ఒప్పుకోను. ముందు డిస్కులు ఎక్కే వరకూ యాక్సిల్‌ను నేల మీదే ఉండనీ. పైగా ముందు నాలుగు బోల్టులు, వెనక అయిదు అయితే ఏ స్టెప్నీ పెట్టుకుని తిరుగుతావు? ముందు చక్రాలు తిరిగే ఇరుసులు, అంటే వీ8 స్పిండిళ్ళు, వాటితోపాటు డిస్కులు, ఒకేసారి మార్చు.

ఆ తర్వాత, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్. 1966 కారుకు ఒకటే గది. నాలుగు చక్రాలకూ వెళ్ళే బ్రేక్ ఆయిల్ అందులోంచే. ఎక్కడ ఒక్క పైపు పగిలినా పెడల్ నేలకు తగులుతుంది, ఏ చక్రమూ ఆగదు. మరుసటి సంవత్సరం మోడల్‌కే ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి అని రెండు గదులది పెట్టారు. నీకూ అదే కావాలి, అదీ నాలుగు డిస్కులకు సరిపడేది. డ్రమ్ముల కోసం చేసినదాంట్లో ఓ చిన్న వాల్వు ఉంటుంది, పెడల్ వదిలాక కూడా పైపులో కొంత ఒత్తిడి నిలబెడుతుంది. డ్రమ్ముకు అది అవసరం. డిస్కుకు ఆ ఒత్తిడి తగిలితే ప్యాడ్లు ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటాయి, కాసేపట్లో చక్రం కాలిపోతుంది. అలాంటి వాల్వు మిగిలి ఉందేమో విప్పి చూడు, అమ్మినవాళ్ళ మాట మీద వదిలెయ్యకు.

వెనక పైపులో తిప్పి సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వు, అంటే వెనక బ్రేకులకు వెళ్ళే ఒత్తిడిని తగ్గించేది, ఒకటి పెట్టు. మొదట వెనక్కి ఒత్తిడి అతి తక్కువ వెళ్ళేలా ఉంచు. వెడల్పైన ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో గట్టిగా తొక్కు. ఏ చక్రం ముందు బిగుసుకుందో బయట నిలబడ్డ మనిషికి తెలుస్తుంది, లోపలున్న నీకు తెలియదు. అందుకే ఒంటరిగా చెయ్యకు. కొంచెం కొంచెం తెరుస్తూ పో. ముందువి బిగిసిన తర్వాతే వెనకవి బిగియాలి. తడి నేల మీద కూడా అదే వరస రావాలి.

ఇక కొలతలు. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ నీ కారుకు రెండంగుళాలకు పైగా వెడల్పు. క్రౌన్ గూడు మధ్యలో ఉండదు, ఒక వైపుకు జరిగి ఉంటుంది, అందువల్ల డ్రైవర్ కూర్చునే ఎడమ వైపు గొట్టం పొడుగు. దాన్ని సుమారు మూడంగుళాలు కోసి, రెండు వైపులా పొట్టి షాఫ్టులే వేస్తే వెడల్పూ సరిపోతుంది, పినియన్ కూడా మధ్యకు వస్తుంది. ఈ కోత, అతుకు మాత్రం గొట్టాన్ని తిన్నగా, కదలకుండా పట్టే జిగ్ ఉన్న మెషీన్ షాపుకే ఇవ్వు. గొట్టం వేడికి కొంచెం వంగినా షాఫ్టు బేరింగు మీద ఏటవాలుగా కూర్చుంటుంది, సీలు కారుతుంది, బేరింగు అరుగుతుంది. చివరి ఫ్లాంజి కోణం రెండో వైపుతో సరిగ్గా కలవాలని కూడా వాళ్ళకు చెప్పు, లేకపోతే డిస్కును ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్ ఒకటి ఒకలా ఒకటి ఇంకోలా కూర్చుంటుంది.

కమాను కట్టల మీద కూర్చునే ప్యాడ్లను నువ్వే వెల్డింగ్ చెయ్యి, నీ చేతి మీద నాకు నమ్మకముంది. అయితే పూర్తిగా కాదు, మొదట అక్కడక్కడా చిన్న టాకాలే. కారు బరువంతా నాలుగు చక్రాల మీద ఉండగా కోణం చూడు. గేర్‌బాక్సు వెనక కొస ఎన్ని డిగ్రీలు కిందికి వాలిందో, పినియన్ ముక్కు అన్ని డిగ్రీలు పైకి లేస్తే రెండూ సమాంతరంగా ఉన్నట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్లు మెలిపడి ఆ ముక్కు ఇంకాస్త లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి ఉంచు. అంతా కుదిరాకే కిందికి దించి, చిన్న చిన్న ముక్కలుగా, ఈ పక్క కాస్త ఆ పక్క కాస్త, మధ్యలో చల్లారనిస్తూ వెల్డ్ చెయ్యి. గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు దాని తర్వాతే కొలవాలి. కోయించాక బ్యాలెన్స్ కూడా చేయించు.

ఈ యాక్సిల్లో షాఫ్టును పట్టి ఉంచేది లోపలి సీ అక్షరం ఆకారపు క్లిప్పే. షాఫ్టు విరిగితే చక్రం బయటికి రావచ్చని కొందరు భయపెడతారు. రోడ్డు మీద నడిపే కారుకు మంచి షాఫ్టులు వేస్తే చాలు, డిస్కు మీద క్యాలిపర్ ఉండటం కూడా కొంత ఆసరా. రేసుకు వెళ్తానంటే మాత్రం వేరే మాట. పాత డిస్కు వెనక రేకులు తుప్పుతో తినేసి ఉంటాయి, హ్యాండ్ బ్రేకు లైనర్లు వాటినే పట్టుకుని ఉంటాయి కాబట్టి కొత్తవే తెచ్చుకో. యాక్సిల్ మీది గాలి రంధ్రం పూడిపోకుండా చూడు, పూడితే ఆయిల్ సీళ్ళలోంచి బయటికొస్తుంది. మధ్యలోని బ్రేకు రబ్బరు హోసు, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినా బిగుసుకోకూడదు. రేషియో మారింది కనక స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, గేర్‌బాక్సులో ఆ చిన్న పళ్ళచక్రం మార్చే వరకూ దాన్ని నమ్మి నడపకు.

జాకీ ఒక్కటే ఆధారంగా కారు కిందికి దూరకు తల్లీ. స్టాండ్లు పెట్టి, చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరు.

ముందు చక్రాల పని మొదలుపెట్టినప్పుడు చెప్పు. ప్యాడ్లు వెల్డ్ చేసే రోజుకు నేను వస్తాను. కోణం కొలిచే గేజి నా దగ్గర ఉంది, నువ్వు కొనకు.

నాన్న