‘టు’ తరువాత ఎప్పుడూ వి1 రావాలని లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో గత వారం పదో తరగతి పిల్లల కోసం వేసిన ఇంగ్లీషు పాఠంలో ‘టు తరువాత ఎప్పుడూ క్రియ మొదటి రూపమే (వి1) వస్తుంది, దాన్నే ఇన్ఫినిటివ్ అంటారు’ అని పెద్ద అక్షరాల్లో అచ్చయింది. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, ఆ ‘ఎప్పుడూ’ అన్న మాట చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పక్కింటి అమ్మాయి ఈ మధ్యే డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగానికి దరఖాస్తు రాసుకొని ఒకసారి చూడమని తెచ్చింది. చివరి వాక్యంలో ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ అని మొదట సరిగ్గానే రాసి, తరువాత ఆ ‘ఇంగ్’ను అడ్డంగా కొట్టేసింది. ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగితే, తమ్ముడు కత్తిరించి దాచుకున్న మీ పాఠం చూపించి, ‘ముందు టు ఉంది కదా టీచర్, వి1 రావాలి కదా’ అంది. తెలియక చేసిన తప్పయితే నాకు ఇంత బాధ కలిగేది కాదు. తెలిసిన ఇంగ్లీషును సూత్రానికి భయపడి చెరుపుకొంది.

ఇంగ్లీషులో ‘టు’ రెండు పనులు చేస్తుంది. ‘ఐ వాంట్ టు గో’లో అది ఇన్ఫినిటివ్ గుర్తు. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో మాత్రం అది మన ‘కి, కు’ లాంటి ప్రిపొజిషన్, దాని తరువాత నామవాచకం గానీ, నామవాచకంలా పనిచేసే ‘ఇంగ్’ రూపం గానీ రావాలి. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను తరగతిలో ఒక చిన్న పరీక్ష చెప్పేదాన్ని: ‘టు’ తరువాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ అనవచ్చు కనుక అక్కడ ‘మీటింగ్’ రావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’ అనలేం కనుక అక్కడ ‘గో’ రావాలి. ‘ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ’ అంటే పెందలాడే లేవడం నాకు అలవాటని అర్థం, ‘ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు లేచేదాన్నని అర్థం. మీ సూత్రం ప్రకారం వీటిలో మొదటి వాక్యం తప్పయిపోతుంది.

‘టు’ లేకుండా కూడా ఇన్ఫినిటివ్ ఉంటుందన్న సంగతిని పాఠం అసలు ప్రస్తావించలేదు. ‘కెన్ గో, మే గో, మస్ట్ గో’ అన్నచోట ఉన్న ‘గో’ అదే. ఇది మన పిల్లలకు కొత్త కాదు, ఎందుకంటే తెలుగులో మనం తుమున్నర్థకం అనే ‘వెళ్ళన్’ రూపం మీదే వెళ్ళవచ్చు, వెళ్ళగలడు, వెళ్ళలేదు అన్న మాటలన్నీ నిలబడ్డాయి. ‘కలడు’లోని ‘క’ను ‘గ’గా మార్చింది ఆ చివర ఉన్న ద్రుతమే, అంటే ఆ ‘న్’. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా పాడు అన్న క్రియకు ఇన్ఫినిటివ్ ‘సింగన్’. యాదృచ్ఛికమే అయినా, ఆ ‘అన్’ను బోర్డు మీద మన ‘వెళ్ళన్’ పక్కన రాసిన రోజున తరగతి అంతా నిటారుగా కూర్చునేది. పాడటానికి అని చెప్పవలసినచోట ఆ కాలపు ఇంగ్లీషువాళ్లు ముందు ‘టో’ చేర్చి క్రియ చివరను ‘ఎన్నె’గా మార్చేవారు, కాలక్రమంలో ఆ చివరలు అరిగిపోయి ముందున్న ‘టు’ మిగిలింది. అంటే అది మొదట మన ‘కి’ లాంటిదే.

ఈ దారిలో చెబితే కష్టమనుకునేవి కూడా సులువవుతాయి. ‘హీ స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అంటే టీ తాగడానికి ఆగాడు, ‘హీ స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే టీ తాగడం మానేశాడు. ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’ అంటే తాళం వేయాలని గుర్తుంచుకో, ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు నాకు గుర్తుంది. ‘-డానికి, -డం’, ‘-ఆలని, -ఇనట్టు’ అన్న తేడా నాలుగేళ్ల పిల్లవాడి నోట కూడా తప్పదు.

అన్నిచోట్లా తెలుగు ఆదుకుంటుందని నేను అనను. ‘వెళ్ళమని చెప్పాడు, వెళ్ళమని సూచించాడు’ అని మనం ఒకే రీతిలో అంటాం కనుక ‘హీ టోల్డ్ మీ టు గో’ చూసి ‘హీ సజెస్టెడ్ మీ టు గో’ అని రాసేస్తాం, రెండోది ఇంగ్లీషులో చెల్లదు. ‘మై ఫాదర్ మేడ్ మీ టు స్టడీ’ అన్నదీ తప్పే. అక్కడ ‘మేడ్ మీ స్టడీ’ అనాలి. అదే కర్మణిలోకి మారితే మాత్రం ‘ఐ వాజ్ మేడ్ టు స్టడీ’ అని ‘టు’ తిరిగి వస్తుంది. ఇలాంటివి ఉదాహరణలతో విడిగా నేర్పవలసిందే, ‘ఎప్పుడూ’ అన్న ఒక్క మాటతో దాటేయడానికి వీల్లేదు.

పరీక్షల కోసం మీ పేజీని కత్తిరించి దాచుకునే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే సవరణను లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో కాక, ఆ పాఠం వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో, ‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్’ అన్న ఉదాహరణతో సహా వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని,
తెనాలి