ఆఖరి పుటలో వయొలిన్లు

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. స్వరకర్త మాలర్ తొమ్మిదో సింఫనీకి వియన్నాలో టికెట్టు దొరికిందని నువ్వు రాసింది చదివి చాలా సంతోషించాను. అయితే వెళ్ళే ముందు వినమని నేను చెప్పిన 1938 నాటి రికార్డును పది నిమిషాలు విని, "దగ్గులూ గరగరలూ తప్ప ఏమీ తెలియడం లేదు నాన్నా" అంటూ ఆపేశావట. ఆ గరగర నాకు కొత్త కాదు. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి నేను పట్టిన కచేరీల క్యాసెట్లలో తంబుర శ్రుతితోపాటు మీ అమ్మ కుక్కరు కూతలు కూడా ఉన్నాయి. ఇప్పటికీ ఆ కీర్తన మరెక్కడైనా వింటే, ఆ చోట కూత రాకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది.

ఆ రికార్డు సంగతి కాస్త వివరంగా చెబుతాను. 1938 జనవరి 16, ఆదివారం. నువ్వు వెళ్ళబోయే మూసిక్‌ఫెరైన్ భవనంలోనే వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ఈ సింఫనీని వాయించింది. బృందాన్ని నడిపినవాడు బ్రూనో వాల్టర్. మాలర్ ఈ సింఫనీని వినకుండానే 1911 మేలో వెళ్ళిపోతే, మరుసటి ఏడాది జూన్‌లో దీన్ని మొదటిసారి లోకానికి వినిపించింది ఆయన శిష్యుడైన ఈ వాల్టరే, ఈ వాద్యబృందంతోనే. రికార్డు చేయించిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ మనకూ పరాయివాడు కాదు: 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డుకెక్కించింది అతనే. మా నాన్నగారి పెట్టెలో ఉన్న కుక్క బొమ్మ రికార్డుల కంపెనీయే ఇదీ తీసింది. అప్పట్లో రికార్డుకు ఒక్కొక్క పక్కన నాలుగు నిమిషాలు, మహా అయితే మరికొంచెం సంగీతం పట్టేది. అందుకని రెండు యంత్రాలు పెట్టుకొని, ఒకదాని మీది మైనపు పలక నిండవచ్చేసరికి రెండోదాన్ని తిప్పడం మొదలుపెట్టేవారు. అలా ఇరవై పక్కలు. హాలు నిండా జనం ఉన్నప్పుడు తప్పు వాయించామని ఆపి మళ్ళీ ఎత్తుకొనే వీలు లేదు. జరిగిందేదో అదే మైనంలో మిగిలింది.

తప్పులు ఉన్నాయి, కాదనను. కొన్నిచోట్ల వాద్యాలు ఒకదానినొకటి తోసుకుంటూ పోతాయి. మొత్తం సుమారు డెబ్బై నిమిషాల్లో ముగుస్తుంది, ఆఖరి భాగానికి పట్టింది పద్దెనిమిది నిమిషాల పైచిలుకు మాత్రమే. అదే భాగాన్ని బెర్న్‌స్టైన్ అనే మరో సంగీత నిర్వాహకుడు 1985లో ఆంస్టర్‌డాంలో దాదాపు అరగంట సాగదీశాడు. నా మటుకు నాకు వాల్టర్ నడకే నచ్చుతుంది. ఏడుస్తున్నవాడు తన ఏడుపు ఎంత బాగుందో చూసుకోవడానికి ఆగడు కదా.

రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 12న, జర్మన్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టింది. యూదుడైన వాల్టర్ ప్రవాసి అయ్యాడు. బృందంలోని యూదులను వెళ్ళగొట్టారు. వారిలో కొందరు శిబిరాల్లో చనిపోయారు. రాబోయేది తెలిసే అలా వాయించారని కొందరు అంటారు గాని, నేను నమ్మను. తెలిసినవారు ఆ ఆదివారం అక్కడ ఎందుకు ఉంటారు? తెలిసింది మనకు, వినేటప్పుడు ఆ భారం మోసేదీ మనమే.

కాలం రికార్డులోకి నేరుగా చొరబడ్డ సందర్భం ఇంకొకటుంది. 1939 అక్టోబరులో ఆంస్టర్‌డాంలో, అక్కడి వాద్యబృందాన్ని నడిపే మెంగెల్‌బర్గ్ జబ్బుపడితే ఆయన బదులు కార్ల్ షురిష్ట్, మాలర్ పాటల రచన 'భూమి గీతం' నడిపాడు. మాలర్ యూదుడు గనుక జర్మనీలో ఆయన సంగీతానికి అప్పటికే నిషేధం ఉంది, షురిష్ట్ ఏమో జర్మన్. చివరి పాటలో వాద్యాలు సన్నగిల్లిన చోట, సభలోంచి ఒక స్త్రీ గొంతు షురిష్ట్‌ను పేరు పెట్టి పిలుస్తూ "జర్మనీయే అన్నిటికన్నా మిన్న" అని జర్మన్‌లో అనడం స్పష్టంగా వినిపిస్తుంది. వాద్యబృందం ఆగలేదు. నీకు చిరాకు తెప్పించిన ఆ దగ్గులను కూడా ఈ చెవితో విని చూడు.

ఇక నిన్ను అసలు వినమన్నది తొమ్మిదో సింఫనీ స్వరప్రతిలోని ఆఖరి పుట. దానికి ముందు వేరే పాటొకటి వినాలి. రూకెర్ట్ అనే కవి తన ఇద్దరు పిల్లలు పోయిన దుఃఖంలో నాలుగు వందలకు పైగా పద్యాలు రాసుకున్నాడు. మాలర్ వాటిలో ఐదింటిని 1901, 1904 మధ్య స్వరపరిచాడు. మాలర్ సొంత పెద్దకూతురు నాలుగేళ్ళ వయసులో పోయింది ఆ తర్వాత, 1907లో. నాలుగో పాటలో తండ్రి తనకు తాను చెప్పుకుంటాడు: పిల్లలు ఊరికే బయటికి వెళ్ళారు, ఇప్పుడే వచ్చేస్తారు, ఆ కొండల మీద పొద్దు చాలా బాగుంది. సింఫనీ చివర అన్నీ సద్దుమణిగాక మొదటి వయొలిన్లు వినీవినపడనట్టు పలికేది ఈ పాటలోని వరుసనే.

1938లో ఆ వయొలిన్లకు ముందు కూర్చున్నవాడు ఆర్నాల్డ్ రోజే, మాలర్ చెల్లెలి భర్త. 1881 నుంచీ ఆ కుర్చీ ఆయనదే. దేశం విడిచి లండన్ చేరి, 1946లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కూతురు ఆల్మా కూడా వయొలిన్ విద్వాంసురాలే. ఆష్‌విట్స్ శిబిరంలో ఆడ ఖైదీల వాద్యబృందాన్ని నడుపుతూ 1944 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయింది.

ముందు ఆ నాలుగో పాటను గాయని కెథ్లీన్ ఫెరియర్ గొంతులో విను. 1951 జూలైలో ఆంస్టర్‌డాంలో క్లెంపరర్ నడిపిన కచేరీలోది దొరుకుతుంది. తర్వాత 1938 రికార్డు ఆఖరి భాగం, మధ్యలో లేవకుండా. ఆ తర్వాత నీ కచేరీకి వెళ్ళు. చలిగా ఉంటుంది, శాలువా మరిచిపోకు. అయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుందని ఊరుకోక, ఇల్లు చేరగానే ఫోను చెయ్యి. మేలుకొనే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న