ఆల్బం నిధి జమా ఖర్చులు: అతిథి గాయకుల పద్దుపై కమిటీ వివరణ

దాతలకు, శ్రేయోభిలాషులకు ఆల్బం నిధి కమిటీ నమస్కారాలు. మన మహబూబ్‌నగర్ యువకుల రాక్ బ్యాండు కొత్త ఆల్బం ఎనిమిది పాటలతో విడుదలైంది. దాని లెక్కలు అందరి ముందు పెడతామని రశీదు పుస్తకం తెరిచిన నాడే మాట ఇచ్చాము. ఈ మధ్య మెట్టుగడ్డ టీ కొట్ల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా ఒకే ఒక్క పద్దు మీద చర్చ నడుస్తున్నది కనుక మిగతావి క్లుప్తంగా, ఆ పద్దును మాత్రం విపులంగా రాస్తున్నాము.

జమ విషయంలో చెప్పవలసింది తక్కువ. రశీదులపై వచ్చిన విరాళాలు 2,86,500 రూపాయలు, టౌన్‌లో జరిపిన కచేరీ టికెట్ల ద్వారా 64,000, ముందస్తుగా సీడీలు, టీషర్టులు కొన్నవారి నుంచి 38,500, బ్యాండు సభ్యులు సొంతంగా వేసుకున్నది 75,000, వెరసి 4,64,000 రూపాయలు. యాభై రూపాయలు ఇచ్చిన విద్యార్థికి కూడా రశీదు ఉన్నది. అందరికీ కృతజ్ఞతలు.

ఖర్చులలో హైదరాబాద్ స్టూడియోలో మొదటి విడత రికార్డింగుకు పద్దెనిమిది శాతం జీఎస్టీతో కలిపి 1,13,280, మిక్సింగ్, మాస్టరింగ్‌లకు 96,000, సీడీలు, టీషర్టుల తయారీకి 48,000, ముఖచిత్రానికి 12,000, డిజిటల్ విడుదలకు 3,600, ఒప్పంద పత్రాలకు, వకీలుకు 8,500, చిల్లర ఖర్చులకు 4,750 అయినవి. వీటిపై ఎవరూ ప్రశ్నించలేదు.

ప్రశ్నించినదల్లా అతిథి గాయకుల గురించే. మొదటి అంచనాలో వారికి 60,000 చూపించి చివరకు పారితోషికంగా 1,22,000, రానుపోను, బస, భోజనాలకు 23,400 ఎందుకైనవని అడుగుతున్నారు. "మన పిల్లవాడి గొంతు వినడానికి డబ్బులిస్తే సగం పాటలు ఎవరెవరితోనో పాడించారు" అన్న మాట కూడా మా దాకా వచ్చింది. సినిమా గాయని ఒకరికి లక్ష రూపాయలు ముట్టజెప్పామన్న ప్రచారం మాత్రం పూర్తిగా అబద్ధం. ఈ ఆల్బంలో సినిమా గొంతు ఒక్కటీ లేదు.

అంచనా వేసిననాడు రెండు పాటలకే అతిథులు అనుకున్నాము. డెమోలు విన్న తరువాత నాలుగు పాటలు వారివల్లనే నిలబడతాయని బ్యాండు కోరింది, కమిటీ ఒప్పుకున్నది. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన, కిన్నెర అనే జానపద తీగల వాయిద్యం మీటుతూ పాడే కళాకారునికి 32,000, నాట్ల పాట పాడిన ముగ్గురు ఆడవారికి తలా 18,000 చొప్పున 54,000, దక్కనీ ఉర్దూలో పాడిన మన పట్టణ గాయకునికి 20,000, పై స్థాయిలో జత గొంతు కలిపిన జడ్చర్ల విద్యార్థినికి 16,000 చెల్లించాము. నాట్ల పాట వారికి ముగ్గురికీ కలిపి పదివేలు చాలదా అని ఒక పెద్దమనిషి అన్నారు. ఆ పాట పల్లవీ చరణాలూ వారివే, గిటారు వచ్చి వారి వెనుక నిలబడింది. కూలి పోగొట్టుకొని స్టూడియోకు వచ్చిన మనుషులను కోరస్ కింద లెక్కగట్టడం మాకు న్యాయమనిపించలేదు.

పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో దర్శనం మొగులయ్య గారి ద్వారా పద్మశ్రీ గౌరవం దక్కినప్పుడు ఈ జిల్లాలో సంతోషపడనివారు లేరు. మా ఆల్బంలోని కళాకారుడు ఆయన కారు, కానీ అదే వాయిద్యం మోసేవారు. చప్పట్లు కొట్టిన చేతులే పారితోషికం దగ్గరికి వచ్చేసరికి బేరమాడడం మాకు కొంత బాధ కలిగించిందని చెప్పక తప్పదు.

రెండవ విడత రికార్డింగుకు జీఎస్టీతో కలిపి 63,720 ఎందుకైనవో కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాండు తన వాయిద్యాలను 440 హెర్ట్జ్ అనే అంతర్జాతీయ శ్రుతి ప్రమాణానికి సరిచేసి, ఒకే వేగంతో టిక్కుటిక్కుమనే క్లిక్ ట్రాక్ లయకు కట్టుబడి ముందుగానే వాయించి పెట్టుకున్నది. కిన్నెర శ్రుతి సొరకాయ బుర్రలను, తీగను నొక్కే మెట్ల అమరికను, కళాకారుని గొంతును బట్టి ఉంటుంది. అది బ్యాండు వాయించిన స్వరాలలో ఏదో రెండింటి మధ్య పడింది. నాట్ల పాట లయ కూడా గడియారం ప్రకారం నడవదు, ఊపిరిని బట్టి సాగుతుంది, తగ్గుతుంది. గొంతును సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తే పైసా ఖర్చు ఉండదని సలహా ఇచ్చినవారున్నారు. అలా చేసిన నమూనా కమిటీ సభ్యులందరం విన్నాము. అందులో మనిషి మిగలలేదు. కాబట్టి అతిథుల గొంతును అలాగే ఉంచి, రెండు పాటలకు డ్రమ్స్, బేస్, గిటార్లు వారి శ్రుతికి, లయకు తగినట్టు మళ్ళీ వాయించడానికి అనుమతించాము. ఆ రెండు పాటలు విన్నవారు ఈ ఖర్చును తప్పుపడతారని అనుకోము.

దసరాకు రావలసిన ఆల్బం సంక్రాంతి దాకా ఆగడానికి కూడా కారణం ఇదే. వానాకాలం నాట్లు ముగిసేదాకా రాలేమని గాయనులు ముందే చెప్పారు. వారి పొలం పని ఆపించి పొలం పాట పాడించుకోవడం ఎవరికీ శోభ కాదు.

ఒప్పంద పత్రాలకు వకీలు ఎందుకన్నారు. కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, పాడినవారి ప్రదర్శనను వ్యాపారానికి వాడుకున్నప్పుడు వారికి రాయల్టీ హక్కు ఉంటుంది. అదే చట్టం కింద ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్ళు నిలుస్తుంది. అందుకే పత్రాలు తెలుగులో రాయించి, చదువు రానివారికి చదివి వినిపించి, ఆ నాలుగు పాటల ఆదాయంలో వారికి ముప్పై శాతం వాటా రాయించాము. పేర్లు కూడా కవరు వెనుక చిన్న అక్షరాలలో కాకుండా ప్రతి పాట పక్కన వేయించాము.

మొత్తం ఖర్చు 4,95,250. జమ పోగా లోటు 31,250 రూపాయలు. ఈ లోటును కమిటీలోని ఇద్దరు సభ్యులు వడ్డీ లేని చేబదులుగా పూడ్చారు. అదే సమయంలో వేదిక మీద చదివించుకొని ఇప్పటిదాకా చెల్లించని హామీలు 71,000 ఉన్నవి. పేర్లు రాయడం మా ఉద్దేశం కాదు. అయితే అతిథుల పారితోషికంపై గట్టిగా అడిగిన వారిలో కొందరి హామీ సొమ్ము ఇంకా రావలసే ఉన్నదని, టీషర్టు మాత్రం వారికి ముందే అందిందని గమనించగలరు. ఈ నెలాఖరులోగా యూపీఐ ద్వారా గానీ నగదుగా గానీ చెల్లించి రశీదు తీసుకోవలసిందిగా మనవి.

బిల్లులు, వోచర్లు, ఒప్పందాల నకళ్ళు కోశాధికారి వద్ద ఉన్నవి. ఏ ఆదివారమైనా ఉదయం వచ్చి చూడవచ్చు. హామీలన్నీ వసూలైతే చేబదులు తీర్చగా మిగిలే 39,750 రూపాయలతో పట్టణంలో ఉచిత కచేరీ పెట్టాలని తీర్మానించాము. అందులో పాడే అతిథి గాయకులకు పారితోషికం విడిగా ఉంటుందని ఇప్పుడే చెప్పి పెడుతున్నాము.