'హకుచి'కి దెబ్బ ఎక్కడ తగిలింది?

సంపాదకులకు నమస్కారం.

జపాన్ దర్శకుడు కురొసావా 1951లో తీసిన 'హకుచి' మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. దొస్తొయేవ్‌స్కీ 'ఇడియట్' నవలను జపాన్ సినిమాగా మలచిన ఆ ప్రయత్నానికి ఒక పూర్తి పేజీ ఇచ్చినందుకు సంతోషం. అయితే అందులో ఒక అంకె తప్పు పడింది, దానికన్నా పెద్ద తప్పు ఒక తీర్పులో ఉంది.

ముందు అంకె సంగతి. సినిమా నిడివి దాదాపు నాలుగున్నర గంటలని రాశారు. కురొసావా కూర్చిన మొదటి ప్రతి 265 నిమిషాలన్న మాట నిజమే. కానీ ఇప్పుడు మనకు దొరికేది 166 నిమిషాల ప్రతి ఒక్కటే. మిగతాది లేదు. నలభై ఏళ్ళ తర్వాత, దీన్ని తీయించిన షొచికు సంస్థకే మళ్ళీ సినిమా తీస్తున్నప్పుడు కురొసావా స్వయంగా వాళ్ళ గోదాముల్లో వెతికించుకున్నాడని చెబుతారు. దొరకలేదు. కాబట్టి ఈ సినిమా గురించి ఏం మాట్లాడినా, మూడోవంతుకు పైగా పోయిన సరుకు గురించి మాట్లాడుతున్నామన్న ఎరుక ఉండాలి.

ఇక తీర్పు. పీటర్స్‌బర్గ్ కథ జపాన్ మట్టిలో నాటుకోలేదని, అందుకే సినిమా దెబ్బతిందని వ్యాసకర్త అన్నారు. మాకు సరిగ్గా తలకిందులుగా కనిపిస్తోంది. కథను జపాన్‌కు మార్చిన చోట్లే ఈ సినిమాలో బలంగా ఉన్నాయి. మార్చకుండా నవలను పేజీ పేజీ పట్టుకు వేలాడిన చోట్ల సాగదీసినట్టయింది. ఆపైన కత్తెర పడింది.

ఊరి ఎంపికే చూడండి. నవల నవంబరు చివర్లో, పీటర్స్‌బర్గ్‌కు వస్తున్న వార్సా రైలు మూడో తరగతి పెట్టెలో మొదలవుతుంది. సినిమా అవొమొరి నుంచి హొక్కయిదో దీవికి పోయే రాత్రి పడవలో మొదలవుతుంది. కిక్కిరిసి పడుకున్న జనం మధ్య ఒకడు నిద్రలో కెవ్వుమంటాడు. అతనే కమెదా, అంటే నవల నాయకుడు ప్రిన్స్ మిష్కిన్. పక్కనున్న అకామా, నస్తాస్యా అనే స్త్రీ కోసం అతనితో పోటీపడే రొగోజిన్. కథంతా సప్పొరో నగరంలో, చలికాలంలో నడుస్తుంది. టోక్యో ఎందుకు కాకూడదంటే, నవలలో మనుషులు తలుపులు ధడాలున తోసుకుని వస్తారు, సోఫాల మీద కూలబడతారు, నోట్ల కట్టను గదిలో మండుతున్న పొయ్యిలోకి విసురుతారు. కాగితపు జరుపుడు తలుపులు, చాపల నేల, మూలన చిన్న బొగ్గుల కుంపటి ఉన్న మామూలు జపాన్ ఇంట్లో వీటిలో ఒక్కటీ కుదరదు. సప్పొరో 1870ల నుంచి అమెరికన్ నిపుణుల సలహాలు తీసుకుని గళ్ళు గీసినట్టు కట్టుకున్న ఊరు. అక్కడ కుర్చీలు, ఇనప స్టవ్‌లు, పొడుగు కోట్లు, బూట్లు, గుర్రం లాగే మంచుబండ్లు సహజంగానే ఉంటాయి. దర్శకుడు రష్యాను సెట్ వేసి కట్టక్కర్లేకుండా, రష్యన్ శరీరాల కదలికకు చోటున్న జపాన్‌ను వెతికి పట్టుకున్నాడు. (కమెదాగా వేసిన మొరి మసయుకి, సప్పొరోలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన నవలాకారుడు అరిషిమా తకెవో కొడుకు కావడం ఒక చిత్రమైన కలయిక.)

రెండో చిక్కు 'ప్రిన్స్' అన్న హోదా. జపాన్‌లో 1947 మేలో కొత్త రాజ్యాంగం అమల్లోకి రావడంతో రాజవంశం తప్ప మిగతా కులీన బిరుదులన్నీ రద్దయ్యాయి. 1951 నాటి కథలో చినిగిన మూటతో దిగిన రాకుమారుణ్ణి చూపిస్తే ఎవరూ నమ్మరు. కురొసావా, సహ రచయిత హిసాయితా ఆ బిరుదును వదిలేశారు. దాని బదులు కమెదాను యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుణ్ణి చేశారు. యుద్ధ నేరస్థుడని పొరబడి ఒకినావాలో అతన్ని కాల్చి చంపబోతారు. ఆఖరి క్షణంలో అసలు సంగతి తేలి వదిలేస్తారు. ఆ దెబ్బకే మూర్ఛ జబ్బు పట్టుకుంటుంది. నవలలో ఇలాంటి మరణశిక్ష కథను మిష్కిన్ ఎవరో పరిచయస్తుడికి జరిగిందని చెబుతాడు. నిజానికి అది 1849 డిసెంబరులో దొస్తొయేవ్‌స్కీకే జరిగిన అనుభవం. నవలలో వేరెవరికో జరిగినట్టు చెప్పినదాన్ని సినిమా నాయకుడి ఒంటికే తగిలించింది. చెప్పిన కథను తెర మీద మళ్ళీ చెప్పిస్తే బరువు సగం పోతుంది కనుక ఇది సరైన పని. పైగా అమెరికా ఆక్రమణ ఇంకా ముగియని రోజులవి, హాల్లో కూర్చున్న ప్రతివాడికీ ఆ గాయం తెలుసు.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. నవలలో మిష్కిన్ మంచితనానికి కారణం లేదు, అతను అలా ఉంటాడు, అంతే. సినిమాలో దానికి కారణం దొరికింది. కారణం దొరికిన మంచితనం కాస్త జాలిగొలిపేదిగా తయారవుతుంది. మొరి చేతులు రెండూ కాలరు దగ్గర ముడుచుకుని, చివరిదాకా అదే కంఠంతో మాట్లాడటం ఆ జాలిని ఇంకా పెంచింది. మిష్కిన్‌లో ఉన్న నవ్వు పుట్టించే గుణం, ఖరీదైన గదుల్లో కాలుజారే తత్వం, బిరుదుతో పాటే కొట్టుకుపోయింది. ఇది మాకు లోటే.

శిలువల మార్పిడి సన్నివేశం ఇంకా నేర్పుగా మారింది. నవల రెండో భాగంలో మిష్కిన్ ఒక తాగుబోతు సైనికుడి దగ్గర కొన్న తగరపు శిలువనిచ్చి, రొగోజిన్ మెడలోని బంగారు శిలువను పుచ్చుకుంటాడు. ఇద్దరూ అన్నదమ్ములైనట్టు లెక్క. ఆ వెంటనే రొగోజిన్ ముసలి తల్లి దగ్గరికి తీసుకెళ్ళి ఆశీర్వాదం ఇప్పిస్తాడు. బౌద్ధుల ఇంట్లో శిలువ పెడితే నవ్వులపాలవుతుంది. సినిమాలో కమెదా తన చావు ఘడియలో గుప్పిట పట్టుకున్న గులకరాయిని ఇస్తాడు, అకామా తన మెడలోని రక్షరేకును ఇస్తాడు. మతిచలించిన తల్లి బుద్ధుడి పీఠం ముందు కూర్చుని ఇద్దరికీ టీ ఇస్తుంది. వస్తువులు మారాయి, అవి చేసే పని మారలేదు. కత్తి ఎత్తబోయేవాడు ముందు తమ్ముడని ఒప్పుకోవాలి, ఆ పని జరిగింది. గులకరాయికి ముందు నుంచీ కథలో చరిత్ర ఉండటం వల్ల, మాకైతే నవలలో కన్నా ఇక్కడే గట్టిగా పట్టుకుంది.

డబ్బు లెక్కకూ ఇదే సూత్రం. నవలలో పొయ్యిలో పడేది వార్తాపత్రికలో చుట్టి దారంతో కట్టిన లక్ష రూబుళ్ళ పొట్లం. సినిమాలో పది లక్షల యెన్‌లు. అప్పటి మారకం డాలరుకు 360 యెన్‌లు, అంటే 2,800 డాలర్ల లోపే. రూబుళ్ళతో పోల్చి చూసి ఇది తక్కువని మీ వ్యాసకర్త అనడం అన్యాయం. 1867 నాటి రూబుల్‌కు 1951 నాటి యెన్‌లో విలువ కట్టడం ఇక్కడ ఎవరికీ పనికొచ్చే లెక్క కాదు. ఏ మొత్తం మంటల్లో పడితే గదిలో ఉన్నవాళ్ళందరి గొంతు తడారిపోతుందో ఆ మొత్తం కావాలి. యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న దేశంలో పది లక్షలు అలాంటి మొత్తమే.

ముగింపులో నస్తాస్యా శవం పక్కన ఇద్దరూ కాపలా కూర్చునే సన్నివేశం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఋతువు మారిస్తే ఏమవుతుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నవలలో రొగోజిన్ చేసే ఆ హత్య ఎండాకాలంలో, పీటర్స్‌బర్గ్ తెల్లరాత్రుల్లో జరుగుతుంది. రొగోజిన్ శవాన్ని అమెరికన్ ఆయిల్‌క్లాత్‌తో కప్పి, పైన దుప్పటి పరిచి, పక్కన క్రిమిసంహారక ద్రవం సీసాలు నాలుగు మూతలు తీసి పెడతాడు. నిశ్శబ్దంలో ఒక ఈగ ఝుమ్మంటుంది. ఆ ఈగ పాఠకుడి వెన్ను జలదరింపజేస్తుంది. మంచు కురిసే సప్పొరోలో ఈగ ఉండదు, సీసాల అవసరమూ లేదు. కురొసావా వాటిని బలవంతాన తీసుకురాలేదు. గడ్డకట్టే గదిలో కొవ్వొత్తులు వెలిగించి, మొరి, అకామాగా వేసిన మిఫునే ఇద్దర్నీ దుప్పట్లలో దగ్గరగా కూర్చోబెట్టాడు. వేడి చేసిన పనిని చలి చేత చేయించాడు. ఒణుకు చలి వల్లనో, భయం వల్లనో, మతి పోతుండటం వల్లనో తెలియకుండా పోతుంది. అనువాదం చేసే రచయితలు ఈ పది నిమిషాలను పక్కన నవల పెట్టుకుని చూడాలి.

అన్నీ కుదిరాయని మేం అనడం లేదు. రొగోజిన్ ఇంట్లో వేలాడే హోల్‌బైన్ చిత్రం, శిలువ నుంచి దించిన క్రీస్తు శవం, సినిమాలో లేదు. దానికి సాటి వచ్చేది బౌద్ధంలో దొరకదు కనుక వదిలేయడం న్యాయమే, కానీ దానితో పాటు విశ్వాసం గురించిన చర్చంతా జారిపోయింది. క్షయతో చనిపోతున్న కుర్రాడు ఇప్పొలిత్ లేడు. పావ్లొవ్‌స్క్ వేసవి విడిదులు లేవు. దాంతో నవల మధ్యభాగంలో ఉన్న గాలి, వెలుతురు పోయి సినిమా మొదలు నుంచి చివరి దాకా మంచులోనే కూరుకుపోయింది.

ఇప్పుడు అసలు దెబ్బ. 35 మి.మీ. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 265 నిమిషాలంటే 23,850 అడుగులు, వెయ్యి అడుగుల రీళ్ళలో చెప్పాలంటే దాదాపు 24 రీళ్ళు. 166 నిమిషాలు 15 రీళ్ళు. అంటే తొమ్మిది రీళ్ళు ఎగిరిపోయాయి. హాలువాళ్ళ లెక్క తేలిక: నాలుగున్నర గంటల బొమ్మ రోజుకు రెండు ఆటలు కూడా కష్టం. కురొసావా దీన్ని రెండు భాగాలుగా చూపించాలనుకున్నాడు. సంస్థ ఒప్పుకోలేదు. అంత కత్తిరించాల్సి వస్తే ఫిల్మును నిలువునా కత్తిరించుకోమని అతను మండిపడ్డ మాట సినిమావాళ్ళ నోళ్ళలో ఇప్పటికీ నలుగుతోంది.

తొమ్మిది రీళ్ళు ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. తెగిన గుర్తులు ఎక్కువగా మొదటి గంటలోనే కనిపిస్తాయి. నస్తాస్యా స్థానంలో ఉన్న నాసు తాయెకో ఎవరు, తొహాతా ఆమెను చిన్నప్పటి నుంచి ఎలా ఉంచుకున్నాడు, డబ్బిచ్చి ఆమెను కయామాకు కట్టబెట్టే బేరంలో ఓనో కుటుంబానికి, కయామాకు ఏం లాభం, ఇవన్నీ తెర మీద రాతల్లోకి, వ్యాఖ్యానంలోకి దిగిపోయాయి. ప్రేక్షకుడు ముఖాలను ఇంకా గుర్తుపట్టకముందే బంధుత్వాల పట్టిక చదవాల్సి వస్తోంది. ఈ సినిమా నడిచేదంతా చూపుల మీద. ఫొటో స్టూడియో అద్దంలో తాయెకో బొమ్మ, ఆ అద్దం మీదే కమెదా, అకామా ముఖాల నీడలు, అలాంటి షాట్లు నిలబడాలంటే ముందు పరిచయం జరగాలి. పునాది రీళ్ళు తీసేసి చూపుల రీళ్ళు ఉంచితే, మనుషులు ఊరికే ఒకరినొకరు గుడ్లప్పగించి చూసుకుంటున్నట్టుంటుంది. 1951లో విమర్శకులు విసుక్కున్నది ఇందుకే. అదే ఏడాది సెప్టెంబరులో, కురొసావా అంతకుముందు తీసిన 'రషోమోన్'కు వెనిస్‌లో బంగారు సింహం రాకపోతే, అతని పరిస్థితి ఇంకెలా ఉండేదో.

అయినా తప్పంతా సంస్థదే అని మేం అనం. పూర్తి ప్రతి దొరికినా కొంత చిక్కు ఉండేది. కురొసావాకు దొస్తొయేవ్‌స్కీ ఆరాధ్య రచయిత, ఆరాధన ఉన్న చోట కత్తెర ఆడదు. మరుసటి ఏడాది 'ఇకిరు'కు టాల్‌స్టాయ్ చిన్న నవల 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' నుంచి తీసుకున్నది ఒక్క ఎముక మాత్రమే: చావు దగ్గరపడ్డాక బతుకంటే ఏమిటని అడిగే ప్రభుత్వోద్యోగి. మిగతా అంతా తనదే, అందుకే అది తేలిగ్గా నడుస్తుంది. 1957లో గోర్కీ నాటకం 'అట్టడుగున'ను దాదాపు పూర్తిగా పట్టుకున్నాడు, కానీ అది ఒకే చోట నడిచే నాలుగంకాల నాటకం, పట్టుకుంటే చేతిలో ఇమిడింది. ఆరు వందల పేజీల 'ఇడియట్' అలా ఇమడదు.

మన దేశంలో మణి కౌల్ ఇదే నవలను 'అహ్మక్'గా తీసినప్పుడు ముందు టీవీ సీరియల్‌గా తీసి, తర్వాత సినిమాగా కుదించుకున్నాడు. నిడివి సమస్యకు అది మెరుగైన దారి. కురొసావా 265 నిమిషాలను ఇవాళ్టి ఓటీటీలో 44 నిమిషాల చొప్పున ఆరు ఎపిసోడ్‌లుగా పెట్టుంటే ఎవరూ కిక్కురుమనకపోయేవారు.

చూడదలచుకున్న పాఠకులకు ఒక మాట. కమెదా–మిష్కిన్, అకామా–రొగోజిన్, తాయెకో–నస్తాస్యా, అయాకో–అగ్లాయా, కయామా–గాన్యా, ఓనో–జనరల్ యెపాన్చిన్, తొహాతా–తోత్స్కీ అని చిన్న చీటీ రాసి పక్కన పెట్టుకోండి. మొదటి ముప్పావుగంట ఓపిక పట్టండి. పెద్ద స్టవ్ ఉన్న గదిలో తాయెకో, అయాకో ఎదురుపడే సన్నివేశం నుంచి చివరి దాకా మాత్రం మధ్యలో ఆపొద్దు. చివర్లో అయాకో అనే మాట నవలలో లేదు, నవలలో అగ్లాయా గతి అంతకంటే నీచంగా ముగుస్తుంది. ఈ మెత్తదనం మాకు నచ్చలేదు, మీకు నచ్చవచ్చు.

మీ అనుబంధంలో ఇకపై పాత సినిమాల గురించి రాసినప్పుడు, ఏ ప్రతి, ఎన్ని నిమిషాలు అన్నది కూడా వేయిస్తే మేలు.

– ఇద్దరు పాఠకులు, విజయవాడ