పేపర్లు దిద్దుతున్న నా స్నేహితుడికి

ప్రియమైన మిత్రమా,

ఒరేయ్, నీ ఉత్తరం చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. "ఒకే జవాబుకి నాకు ఆరు, వాడికి ఎనిమిది ఎందుకు సార్?" అని నీ స్టూడెంట్ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదని, ఆ రాత్రంతా అదే ఆలోచించానని రాశావు. ఆలోచించాల్సిన విషయమేరా అది. ఆ రెండు మార్కుల మీదే ఒక్కోసారి సీటో, స్కాలర్‌షిప్పో ఆధారపడుతుంది. వాడు అడిగింది గొడవ కోసం కాదు, కారణం తెలుసుకుందామని. నీ బాధ నాకు నచ్చింది.

అయితే ఇది నీ ఒక్కడి సమస్య అనుకోకు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రానికి కాపీలు తీయించి ఎన్నో హైస్కూళ్లకు పంపారు. ఒక్కొక్క టీచరు వేసిన మార్కులు ఒక్కో రకంగా వచ్చాయి. భాషా పేపరు కదా, అభిప్రాయ భేదం సహజమే అనుకుంటాం. అందుకే మరుసటి సంవత్సరం జామెట్రీ పేపరుతో అదే పని చేశారు. లెక్కల్లో అయినా తేడా ఉండదనుకుంటే, అక్కడ ఒకరు 28 వేశారు, ఇంకొకరు 90కి పైన వేశారు! పేపరు ఒకటే, జవాబులు ఒకటే. బొమ్మ నీటుగా లేదని కొందరు తగ్గించారు, కొందరు దాన్ని పట్టించుకోలేదు. అంటే వాళ్లు లెక్క తప్పుగా చూశారని కాదు. దేనికి మార్కు వెయ్యాలో ఎవరికి వాళ్లు సొంతంగా నిర్ణయించుకున్నారు. నీ క్లాసులో ఆరు, ఎనిమిది తేడా కూడా బహుశా అక్కడినుంచే వచ్చి ఉంటుంది. ఒక పేపరు దిద్దినప్పుడు నీ మనసులో ఉన్న కొలత, ఇంకొకటి దిద్దేసరికి కాస్త జరిగి ఉంటుంది.

అలా జరగడానికి కారణాలు చాలానే ఉంటాయి. ముత్యాల్లాంటి చేతిరాత చూస్తే మనకు తెలియకుండానే చెయ్యి పైకి పోతుంది. అయిదారు నాసిరకం జవాబుల తర్వాత ఓ మాదిరి జవాబు వస్తే అది గొప్పగా కనిపిస్తుంది. అదే జవాబు క్లాస్ ఫస్ట్ పేపరు తర్వాత వస్తే చప్పగా అనిపిస్తుంది. పైగా పేరు చూశామా, ఇక అయిపోయింది. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైనికాధికారులు తమ కింది వాళ్లకు ఇచ్చిన రేటింగులు పరిశీలించాడు. మనిషి చూడ్డానికి దృఢంగా ఉంటే తెలివికీ, నడవడికకీ కూడా ఎక్కువే వేసేశారు. ఒక గుణం మీద కలిగిన అభిప్రాయం మిగతా అన్నిటికీ పాకిపోతుంది. బాగా చదువుతాడని పేరున్న పిల్లాడు సగం రాసినా "వాడికి తెలుసులే" అని మనమే మిగతా సగం మనసులో పూరించేస్తాం. వెనక బెంచీ పిల్లాడు సగం రాస్తే "వీడికి ఇంతే వచ్చు" అంటాం.

కాబట్టి నీ మంచితనాన్ని నమ్ముకోకు, పద్ధతిని నమ్ముకో. నేను చేసేది చెప్తాను. ప్రశ్నపత్రం తయారు చేసే రోజునే స్కీమ్ కూడా రాసి పెట్టుకుంటాను: ఈ ప్రశ్నకి సూత్రానికి ఎంత, పద్ధతికి ఎంత, వివరణకి ఎంత అని. ప్రశ్న రాస్తూ స్కీమ్ రాయడం మొదలుపెడితే, ఆ ప్రశ్నే సరిగ్గా లేదని చాలాసార్లు అప్పుడే తెలిసిపోతుంది. "చర్చించండి" అని పది మార్కులకు ఇచ్చేస్తాం. దేని గురించి చర్చించాలో మనకే స్పష్టత ఉండదు, పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత పేపర్లు చేతికి రాగానే ఎర్ర పెన్ను తియ్యను. కట్టలోంచి కొన్ని తీసి ఊరికే చదువుతాను. మనం ఊహించని దారిలో సరైన జవాబు రాసినవాడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు. స్కీమ్‌లో వాడికి చోటు కల్పించాకే దిద్దడం మొదలుపెట్టాలి. మధ్యలో స్కీమ్ మారితే, అప్పటిదాకా దిద్దినవి మళ్లీ చూడాలి. విసుగే, కానీ తప్పదు.

ఇంకోటి, పేపరు తర్వాత పేపరు దిద్దకు. అందరి మొదటి ప్రశ్న దిద్దు, తర్వాత అందరి రెండో ప్రశ్న. ఈ ఒక్క మార్పుతోనే ఎంత తేడా వస్తుందో నువ్వే చూస్తావు. ఒకే ప్రశ్న వరసగా చూస్తుంటే కొలత పక్కకి జరగదు, మొదటి జవాబు బాగుందన్న అభిప్రాయం రెండోదానికి అంటుకోదు. ప్రశ్న మారేటప్పుడు కట్టను కలిపెయ్యి, లేకపోతే నువ్వు అలసిపోయే సమయానికి ప్రతిసారీ అదే పిల్లల పేపర్లు చేతికొస్తాయి. పేరున్న పేజీ వెనక్కి మడిచెయ్యి. చేతిరాత బట్టి ఎవరిదో గుర్తుపట్టేంత తక్కువమంది ఉన్న క్లాసుల్లో ఇది పూర్తిగా పనిచెయ్యదు, అయినా మడిచెయ్యి.

స్టెప్ మార్కుల విషయంలో మాత్రం నీతో గట్టిగా చెప్పాలి. మొదటి మెట్టులో కూడిక తప్పు చేసి, ఆ తప్పు అంకెతోనే మిగతాదంతా సరైన పద్ధతిలో చేసినవాడికి ఆ ఒక్క మెట్టు దగ్గరే మార్కు పోవాలి. "చివరి జవాబు తప్పు, సున్నా" అంటే ఒకే తప్పుకి అయిదుసార్లు శిక్ష వేసినట్టు. వాడు తప్పిన అంకెతో మిగతా లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి మనకు టైమ్ పడుతుంది. ఆ టైమ్ వాడికి ఇవ్వాల్సిందే.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే సంగతి. మార్కు ఒక్క విషయమే చెప్పాలిరా: వాడికి సబ్జెక్టు ఎంత వచ్చిందో. మనం ఆ ఒక్క అంకెలోకి హాజరు, ప్రవర్తన, ఆలస్యం, నోట్సు అట్టలు, అన్నీ తోసేస్తాం. ఒక పిల్లకి అయిదు అసైన్‌మెంట్లలో నాలుగింటికి 80 వచ్చాయనుకో. అయిదోది ఇవ్వలేదు, సున్నా వేశావు. సగటు 64కి పడిపోతుంది. ఆ 64 చూసినవాళ్లు ఆ పిల్లకి సబ్జెక్టు ఓ మోస్తరుగానే వచ్చనుకుంటారు. ఆమె ఇచ్చిన పని ఏదీ ఆ మాట చెప్పడం లేదు. ఇవ్వని పనిని "ఇవ్వలేదు" అనే రాయి, పిలిచి ఇప్పించుకో, ఎందుకు ఇవ్వలేకపోయిందో అడుగు. క్రమశిక్షణ వద్దని కాదు నేననేది. దాని గురించి తల్లిదండ్రులతో మాట్లాడు, రిపోర్టులో విడిగా రాయి. సబ్జెక్టు మార్కులోంచి కొయ్యకు. ఆలస్యానికి మార్కు తగ్గించాలని మీ కాలేజీ రూలే ఉంటే, ఆ తగ్గింపు ఎంతో ముందే అందరికీ చెప్పు, అందరికీ ఒకేలా అమలు చెయ్యి.

రిలేటివ్ గ్రేడింగ్ గురించి, అంటే పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చి గ్రేడ్ ఇవ్వడం గురించి కూడా అడిగావు. ముప్ఫైమంది క్లాసులో ముగ్గురికే పై గ్రేడ్ అని ముందే నిర్ణయిస్తే, అయిదుగురు సమానంగా బాగా రాసిన ఏడాది ఇద్దరికి అన్యాయం జరిగినట్టే. పక్కవాడికి పాఠం చెప్తే తన గ్రేడ్ పోతుందని పిల్లలు భయపడే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు లేకపోతే ఇంగ్లండ్‌లో ఏం చేశారో గుర్తుందా? టీచర్లు ఇచ్చిన అంచనాలను ఆయా స్కూళ్ల పాత ఫలితాలకు తగ్గట్టు ఒక గణిత పద్ధతితో సర్దారు. మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్ గ్రేడ్లలో సుమారు 39 శాతం టీచర్ల అంచనా కంటే కిందికి దిగాయి. స్కూలు గతం బాగా లేదని ఈ ఏడాది పిల్ల గ్రేడ్ తగ్గడమేంటి? పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు, ఆగస్టు 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల అంచనాలనే ఒప్పుకుంది.

గ్రూప్ ప్రాజెక్టులకి అందరికీ ఒకే మార్కు వెయ్యకు, ఒక్కొక్కరిని రెండు మూడు ప్రశ్నలు అడిగితే ఎవరు పనిచేశారో తేలిపోతుంది. ఏఐతో రాయించారన్న అనుమానం వచ్చినా అదే దారి. అది పట్టేస్తుందనే సాఫ్ట్‌వేర్ల మాట విని పిల్లల మీద నింద వెయ్యొద్దు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే తన సాధనం సరిగ్గా కనిపెట్టలేకపోతోందని 2023లో దాన్ని తీసేసింది. పిలిచి కూర్చోబెట్టి, "ఈ పేరా నాకు వివరించు" అని అడుగు.

మార్కు పక్కన నాలుగు మాటలు రాయడం ఎప్పుడూ మానకు. కాకపోతే ఒక చిక్కుంది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగంలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లలో ఆ మెరుగుదల కనబడలేదు. అంకె కనిపించగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి కదా. అందుకే చిన్న టెస్టుల్లో నేను ముందు వ్యాఖ్యలతో పేపరిచ్చి, సరిదిద్దుకుని తెమ్మని, మార్కు ఆ తర్వాత చెప్తాను. "ఇంకా బాగా రాయాలి" లాంటి మాటలు మాత్రం రాయకు. "కారణం చెప్పావు, ఉదాహరణ ఇవ్వలేదు" అని రాస్తే వాడికి ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ఇక ఆ అబ్బాయి సంగతి. రేపే పిలువు. స్కీమ్ వాడి ముందు పెట్టి, జవాబు ఇద్దరూ కలిసి చదవండి. వాడికి ఎనిమిది రావాల్సి ఉంటే ఎనిమిది వేసెయ్యి, మరో మాట అనకుండా. రాదంటే ఎక్కడ ఆగిపోయాడో వేలు పెట్టి చూపించు. ఏడ్చాడనో, బతిమాలాడనో పెంచకు, అడగలేని పిల్లలు ఇంకా చాలామంది ఉంటారు. రెండో అబ్బాయి పేపరు వీడికి చూపించకు, వాడికి వేసిన ఎనిమిది ఎక్కువే అనిపించినా ఇప్పుడు తగ్గించకు, అది నీ వల్ల జరిగింది. ఒకవేళ వీడి పేపర్లో కొలత పక్కకి జరిగిందని తేలితే, మిగతా అందరివీ ఆ ప్రశ్న వరకు మళ్లీ చూడాలి. పనే, తెలుసు. నేను వచ్చి కూర్చోవాలంటే చెప్పు, సగం నేను దిద్దుతాను, తర్వాత కొన్ని పేపర్లు మార్చుకుని ఎవరి మార్కులు ఎక్కడ తేడా వస్తున్నాయో చూద్దాం.

వచ్చే పరీక్షకి స్కీమ్ రాశాక నాకు పంపించు. ప్రశ్నపత్రం కూడా జతచెయ్యి, ముందు జవాబులు నేను రాసి చూస్తాను.

ఉంటాను మరి,
నీ స్నేహితుడు