పాలు ‘కాగాయి’ అనే పిల్లకు ఇంగ్లీషు ఏకవచనం ఎలా చెప్పాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధిలో ఆరో తరగతి చదివే అమ్మాయి మొన్న తన ఇంగ్లీషు నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ‘ద మిల్క్ ఆర్ హాట్’ అని రాస్తే, ‘ఆర్’ కొట్టేసి ఎర్రసిరాతో ‘ఈజ్’ అని దిద్దారు. "అమ్మమ్మా, నేనేం తప్పు రాశాను?" అని అడిగింది. దిద్దుబాటైతే ఉంది గానీ, కారణం ఎక్కడా లేదు.

ఆ పిల్ల తన తెలుగును ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టింది. మన ఇళ్లలో పాలు కాగుతాయి, నీళ్లు మరుగుతాయి, బియ్యం నిండుకుంటాయి. అవే పాలు తోడుకున్నాక మాత్రం ‘పెరుగు పులిసింది’ అంటాం. ఇంగ్లీషు వీటన్నిటినీ లెక్కపెట్టలేని పదార్థాలుగా చూసి ఏకవచనంలోనే ఉంచుతుంది. మనకు ‘కత్తెర ఉంది’, వాళ్లకు ‘సిజర్స్ ఆర్’. మనకు వార్తలు వస్తాయి, వాళ్లకు ‘న్యూస్ ఈజ్’. ‘నాన్నగారు వచ్చారు’ అనడం అలవాటైన పిల్ల ‘మై ఫాదర్ హావ్ కమ్’ అని రాస్తే, నాన్నకిచ్చే మర్యాదే ఇంగ్లీషులోకీ వెంట వచ్చిందన్నమాట. ఈ సంగతి విడమరిచి చెప్పకుండా మార్కులు కోసేయడం అన్యాయం.

తెలుగు సాయపడే చోట్లూ ఉన్నాయి. చదువుకున్న పెద్దవాళ్లు కూడా ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనేస్తుంటారు. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అని ముందు తెలుగులో అనుకుంటే, ‘ఫ్రెండ్స్’ అనాలని ఇట్టే తెలిసిపోతుంది. ఆ అమ్మాయికి ‘రెండు గ్లాసుల పాలు’ అని రాసి చూపించాను. లెక్క గ్లాసులకే గానీ పాలకు కాదని తనే కనిపెట్టి, ‘టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్’ అని రాసింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇలా తెలుగు పక్కన పెట్టి చెప్పడం ఎంతో ఆలస్యంగా మొదలుపెట్టానే అన్న బాధ నాకింకా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో, తెలంగాణలో 2022–23లో ప్రభుత్వ బడులకు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. లెక్కలకు, సైన్సుకు అక్కరకొచ్చిన ఆ పద్ధతి ఇంగ్లీషు వ్యాకరణానికి మరింత అవసరం. ‘మ్యాన్–మెన్’, ‘చైల్డ్–చిల్డ్రన్’ జాబితాలను పిల్లలు ఎలాగూ బట్టీ పడతారు. రెండు రాష్ట్రాల్లో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థలైన ఎస్‌సీఈఆర్‌టీలు ఏకవచన, బహువచనాల పాఠంలో తెలుగు ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూపే రెండు పేజీలు చేర్చాలని కోరుతున్నాను. పుస్తకాలు మారేదాకా ఆగకుండా, వేసవి శిక్షణ తరగతుల్లో ఉపాధ్యాయులకు ఈ తేడాల మీద ఒక్క పూట కేటాయించినా చాలు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి