ఎడారి యుద్ధం చదువుకున్న ఏడాది: మన చరిత్ర పఠన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా మామూలు సంగతులు. ఈ ఏడాది కూడా నెలకో ఆదివారం కూర్చున్నాం, మే నెలలో మాత్రం ఎండలకి భయపడి మానేశాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. చందా బాకీ ఉన్నవారికి విడిగా ఫోన్ చేస్తాను, ఇక్కడ పేర్లు రాసి మొహమాటపెట్టను.

నిరుడు సర్వసభ్య సమావేశంలో ఎంచుకున్న అంశం ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధం, 1940 నుంచి 1943 దాకా. 'జర్మన్ సేనాని రోమెల్, బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీల కథేగా, ఎన్నిసార్లు వినలేదు' అని కొందరు పెదవి విరిచారు. తీరా చూస్తే మొదటి రెండు సమావేశాల్లో రోమెల్ ఊసే రాలేదు. 1940 డిసెంబరు 9న ఈజిప్టులోని నిబేవా శిబిరం మీద దాడి జరిగేనాటికి ఆయన ఆఫ్రికాలో కాలే పెట్టలేదు మరి. ఆ తెల్లవారి ఇటాలియన్ శిబిరంలోకి దొడ్డిదారిన జొరబడింది బ్రిటిష్ టాంకులూ, మన సిపాయిలున్న నాలుగో భారత డివిజనూ. కొద్ది రోజుల దాడి అనుకున్నది రెండు నెలలు సాగి, 1941 ఫిబ్రవరి 7న లిబియాలోని బేడా ఫోమ్ దగ్గర ఇటలీ పదో సైన్యం పని ముగిసింది. పట్టుబడినవాళ్లు సుమారు 1,30,000 మంది. ఆ రోజుకి మనవాళ్లు మాత్రం అక్కడ లేరు, డివిజన్‌ని అప్పటికే ఎరిట్రియా వైపు, కెరెన్ కొండల మీదికి తరలించేశారు.

మ్యాప్ విషయంలో నా తప్పు ఒప్పుకోవాలి. గోడకి సరిపోయేలా ఫ్లెక్సీ కొట్టమంటే షాపతను పటాన్ని అడ్డంగా నొక్కేశాడు, నేను చూసుకోలేదు. జర్మనీ, ఇటలీల ఓడరేవు ట్రిపోలీకీ బ్రిటిష్‌వాళ్ల ఓడరేవు అలెగ్జాండ్రియాకీ మధ్య దూరం సగానికి సగం తగ్గిపోయింది. ఈ యుద్ధంలో అన్నింటికన్నా ముఖ్యమైనదే ఆ దూరం! రోడ్డు మీద సుమారు 2,000 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి ఢిల్లీ కంటే ఎక్కువ. గెలిచినవాడు ముందుకి తోసుకుపోయే కొద్దీ వాడి పెట్రోలు లారీలు వెనకపడతాయి. ఓడినవాడు తన ఓడరేవుకి దగ్గరవుతాడు. అందుకే రెండేళ్లు ఇటూ అటూ ఊగిసలాట. చివరికి ఈజిప్టులోని అలమేన్ దగ్గర ఆగడానికి కారణం, అక్కడ సముద్రానికీ, టాంకులు దిగబడే కత్తారా పల్లపు నేలకీ మధ్య సుమారు 60 కిలోమీటర్లే ఖాళీ. చుట్టూ తిరిగి రావడానికి దారి లేదు.

మిత్రపక్షం అంటే ఒక్క బ్రిటన్ కాదన్నది చాలామందికి కొత్త సంగతి. లిబియాలోని తోబ్రూక్ ఓడరేవు ముట్టడిని 1941లో నెలల తరబడి కాచింది ఎక్కువగా ఆస్ట్రేలియన్లు, తర్వాత పోలిష్ బ్రిగేడ్. లిబియా ఎడారిలోనే బీర్ హకీమ్‌లో ఫ్రెంచివాళ్లు. ఇక 1942 జులై 1న అలమేన్ దగ్గరి దెయిర్ ఎల్ షెయిన్‌లో, ఇరాక్ నుంచి హడావిడిగా తెప్పించిన 18వ భారత బ్రిగేడ్ సాయంత్రం దాకా నిలబడి చితికిపోయింది. ఆ ఒక్క రోజు ఆలస్యమే రోమెల్ ఊపు తీసేసింది. ఇంత ముఖ్యమైన రోజుకి పుస్తకాల్లో దక్కేది రెండు వాక్యాలు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

'మన తెలుగువాళ్లు ఉన్నారా?' అన్న ప్రశ్న ప్రతిసారీ వచ్చింది. మద్రాస్ శాపర్స్‌లో తెలుగు జిల్లాల నుంచి చేరినవాళ్లు ఉండేవారు, ఆ దళం కంపెనీలు నాలుగో డివిజన్‌లో ఉన్నాయి. బాటలు వేయడం, మందుపాతరలు తీయడం శాపర్ల పని. మందుపాతర వెతికేటప్పుడు బయొనెట్‌ని, అంటే తుపాకీ మొన కత్తిని, నిలువుగా గుచ్చకూడదు, ఏటవాలుగా మెల్లగా దించాలి. గట్టిగా తగిలితే ఆగి, వేళ్లతో ఇసుక తుడవాలి. టాంకు మందుపాతర మనిషి బరువుకి మామూలుగా పేలదు. మనుషుల కోసం జర్మన్లు పాతే ఎస్-మైన్ అలా కాదు, అడుగు పడితే నడుము ఎత్తుకి ఎగిరి పేలుతుంది. తీసిన దారికి ఇరువైపులా తెల్ల గుడ్డ పట్టీలు పరిచేవారు. నవంబరు సమావేశంలో హాలు నేల మీద పట్టీలు పరిచి, కళ్లకి గంతలు కట్టి పిల్లల్ని నడిపించాం. ఒక్కరూ దాటలేదు.

పిక్నిక్‌లో, ఎడారిలో సైనికులు టీ కాచుకున్న 'బెంఘాజీ పొయ్యి' కూడా వెలిగించాం. కోసిన రేకు డబ్బాలో ఇసుక, దాని మీద పెట్రోలు, అగ్గిపుల్ల. మేం జాగ్రత్తకి కిరోసిన్ వాడాం. టీ వాసన గురించి ఫిర్యాదులు అందాయి, నమోదు చేసుకున్నాను.

అసలు వేడి పుట్టింది క్విట్ ఇండియా చర్చలో. 1942 ఆగస్టు 9న బొంబాయిలో గాంధీజీని అరెస్టు చేసిన ప్రభుత్వం తరఫునే అక్టోబరు 23న అలమేన్‌లో మన సిపాయిలు నిలబడ్డారు. అదే ఎడారిలో జర్మన్లకి పట్టుబడినవాళ్లలో కొందరు జర్మనీలో బోసు దళంలో చేరారు. ఎవరిది దేశభక్తి అంటూ రాత్రి తొమ్మిదిన్నర దాకా వాదించుకున్నారు. వాచ్‌మన్ వచ్చి లైట్లు తీసేశాడు. నా మట్టుకు నాకు ఇద్దరి మీదా తీర్పు చెప్పే అర్హత లేదనిపించింది. 1943 మేలో ట్యునీసియాలో జర్మన్ సేనాధిపతి ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది నాలుగో భారత డివిజన్‌కే. అలమేన్‌లో 600 మందికి పైగా భారతీయ సిపాయిల పేర్లు విడిగా దహన స్మారకం మీద ఉన్నాయి. వాళ్లకి సమాధులు లేవు, చితులు పేర్చారు.

వచ్చే ఏడాది అంశం కెరెన్. ఈసారి ఫ్లెక్సీ ప్రూఫు ఇద్దరు చూశాకే కొట్టిస్తాం. ఒక మనవి: మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఆరు కోణాల ఇత్తడి నక్షత్రం ఉందేమో చూడండి. రిబ్బను ఇసుక రంగులో ఉంటుంది, మధ్యలో ఎర్ర చార, దానికి అటూ ఇటూ సన్నటి నీలం గీతలు. అది ఆఫ్రికా స్టార్, ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చిన పతకం. చింతపండు పెట్టి తోమకండి, ఉన్నది ఉన్నట్టే తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి